సెలవు దినం ఎవరి సొత్తు?

నమాజు, రోజా, జకాత్‌ల గురించి మసలాలు అడిగేవారు చాలామంది ఉంటారు. జీతం గురించి, కూలి గురించి మసలా అడిగేవారు అరుదు. అది దీన్‌కు సంబంధించిన సంగతి కాదని, కేవలం దునియా వ్యవహారమని మనవాళ్ళలో ఒక అపోహ ఉంది. అయితే రావికమతం, చోడవరం, నర్సీపట్నం ప్రాంతాల నుంచి పరవాడ ఫార్మాసిటీకి, అచ్యుతాపురం సెజ్‌కు పనికి వెళ్ళే యువకులు జుమా నమాజు తర్వాత నిలబడి ఈమధ్య ఒకే ప్రశ్న పదేపదే అడుగుతున్నారు.

"మౌలానా! ఆదివారం మా వీక్లీ ఆఫ్. అర్జెంటు ఆర్డరుంది రమ్మని సూపర్‌వైజరు శనివారం రాత్రి ఫోన్ చేస్తాడు. వెళ్తే ఓటీ రాయరు. బదులుగా ఇంకో రోజు సెలవు తీసుకోమంటారు. ఆ ఇంకో రోజు ఎప్పటికీ రాదు. గట్టిగా అడిగితే కంపెనీ ఉప్పు తింటూ ఇలా అడుగుతావా అంటారు. అడగడం దురాశ అవుతుందా? సబ్ర్ చేసి ఊరుకోవడమే మంచిదా?"

పని చేయించుకునేవారి వైపు నుంచి కూడా ఒక ప్రశ్న వస్తుంది. "నెల జీతమంటే ముప్ఫై రోజుల జీతం. ఆదివారానికి కూడా డబ్బు లెక్కగట్టి ఇస్తున్నాం. డబ్బిచ్చిన రోజున పని చేయించుకుంటే మళ్ళీ ఎందుకివ్వాలి? అదీ రెట్టింపు ఇవ్వాలట! షరీఅత్‌లో ఈ రెట్టింపు ఎక్కడుంది?"

నిజం చెప్పాలంటే ఈ రెండో ప్రశ్నే పదునైనది. చాలామంది ఖతీబులు చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న హదీసును గుర్తుచేసి ఊరుకుంటారు. అది సత్యమే, ఇబ్నుమాజాలో ఉంది. కాని అడిగిన పెద్దమనిషి కూలి ఎగ్గొడతానని అనడం లేదు. ఆదివారం కూలి నెల జీతంలోనే ఇచ్చేశానంటున్నాడు. కాబట్టి ముందు తేల్చవలసింది, ఆ సెలవు దినం అసలు ఎవరిది అన్న విషయం.

కొందరు మరో అడుగు ముందుకేసి, ఇస్లాంలో సెలవు దినమే లేదని వాదిస్తారు. ఇందులో సగం నిజముంది. యూదులకు శనివారం పని నిషిద్ధం. మనకు శుక్రవారం అలాంటిది కాదు. సూరా అల్ జుముఅ 9, 10 ఆయతుల్లో అల్లాహ్ అజాన్ వినపడగానే క్రయవిక్రయాలు వదలి రమ్మని ఆజ్ఞాపించాడు. నమాజు ముగిశాక భూమిపై విస్తరించి తన అనుగ్రహాన్ని అన్వేషించమని చెప్పాడు. సృష్టి చేసి అలసిపోయి విశ్రమించాడన్న భావనను సూరా ఖాఫ్ 38వ ఆయతు ఖండిస్తుంది. కనుక వారంలో ఒక రోజు పని మానడం మనకు ఇబాదత్ కాదు. అది మనుషుల మధ్య జరిగే ఒడంబడిక. ఇబాదత్ కాదు కాబట్టి దానికి విలువ లేదనుకుంటే మాత్రం పొరపాటు. సూరా అల్ మాయిదా మొదటి ఆయతే విశ్వాసులను ఒడంబడికలు నెరవేర్చమని ఆదేశిస్తున్నది. ఒప్పుకున్న సెలవు ఒప్పుకున్న జీతంలాంటిదే.

ఆ ఒడంబడిక మన దేశంలో ఎవరి దయవల్లనో రాలేదు. బొంబాయి బట్టల మిల్లుల్లో కూలీలకు వారపు సెలవు లేని రోజుల్లో నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో మిల్లు కార్మికుల సంఘం పెట్టి ఏళ్ళ తరబడి అడిగారు. 1890 జూన్ 10న యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. 1891 ఫ్యాక్టరీ చట్టంలో అది చేరింది. పరిశ్రమల్లో వారపు విశ్రాంతి గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లో చేసిన ఒప్పందాన్ని భారతదేశం 1923లో అంగీకరించింది. కాబట్టి నేడు ఎవరైనా ఫ్యాక్టరీలో ఉద్యోగానికి కుదిరాడంటే, నోటితో చెప్పినా చెప్పకపోయినా, ఆరు రోజులకే కుదిరాడని అర్థం. హనఫీ ఫిఖ్‌హ్‌లో ఇందుకు స్పష్టమైన సూత్రముంది. ఉర్ఫ్‌లో, అంటే లోకాచారంలో అందరికీ తెలిసిన విషయం షరతు పెట్టుకున్న విషయంతో సమానం. ఉస్మానియా ఖిలాఫత్ కాలంలో కూర్చిన 'మజల్లా' 43వ నిబంధన ఇదే.

ఫుఖహాల మాట

ఇక నెల జీతం తర్కానికి వద్దాం. ఇది కొత్త ప్రశ్న కాదు. కైరోకు చెందిన ప్రసిద్ధ హనఫీ విద్వాంసులు అల్లామా ఇబ్నె నుజైమ్ (రహ్మ) హిజ్రీ 970లో మరణించారు. ఆయన 'అల్ అష్‌బాహ్ వన్నజాయిర్' మదర్సాల్లో చదువుకున్న వారందరికీ తెలిసిన గ్రంథం. లోకాచారం తీర్పునిస్తుందన్న సూత్రాన్ని వివరిస్తూ ఆయన మదర్సాల సెలవు దినాల ప్రస్తావన తెచ్చారు. పండుగల రోజుల్లో, రమజానులో పాఠం చెప్పని ఉస్తాదుకు జీతం ఉంటుందా? ఖాజీ తన సెలవు రోజుకు బైతుల్‌మాల్ నుంచి భత్యం తీసుకోవచ్చా? ఇందులో ఉలమాల మధ్య భేదాభిప్రాయం ఉందని చెబుతూ, తీసుకోవచ్చన్నవారి కారణాన్ని ఆయన ఉటంకించారు. ఖాజీ ఆ రోజు విశ్రాంతి తీసుకునేది మరుసటి రోజు పని కోసమే కదా!

ఈ ఒక్క కారణంతో మన వివాదం చాలామట్టుకు తేలిపోతుంది. సెలవు రోజుకు ఇచ్చే జీతం ఆ రోజు గంటలను కొనడానికి ఇచ్చిన ధర కాదు. అది ఆరు రోజుల పనిలో భాగం. ఆరు రోజులు పనిచేసిన మనిషి ఏడో రోజు లేవలేకపోతే ఎనిమిదో రోజు యజమానికి పనికిరాడు. అంటే ఆదివారం జీతం చెల్లించిన యజమాని కొన్నది సోమవారపు చురుకుదనాన్ని. ఆదివారాన్ని ఆయన కొనలేదు, కనుక అది ఆయన చేతిలో లేదు. దాన్ని తీసుకోవాలంటే కొత్తగా అడగాలి, కొత్తగా ధర కుదుర్చుకోవాలి. అడగకుండా, ధర లేకుండా తీసుకుంటే అది పరుల సొత్తును అక్రమంగా తినడం కిందికి వస్తుంది. పరస్పర అంగీకారంతో జరిగే వ్యాపారం తప్ప ఒకరి ధనాన్ని మరొకరు తినవద్దని సూరా అన్ నిసా 29వ ఆయతు హెచ్చరిస్తున్నది. గంటలు కూడా ధనమే. కాకపోతే జీతం అన్నమాటకు అర్థమేముంది?

రోజుకూలీల విషయం వేరు. రాళ్ళ క్వారీలో, బెల్లం గానుగ దగ్గర రోజుకింత అని కుదిరినవారికి ఆదివారం జీతమే లేదు. వారిని ఆదివారం పిలిస్తే అది మరో రోజు కూలి. పనికి దించకముందే ఎంతో చెప్పాలి. కూలి ఎంతో తెలియజేయకుండా కూలివాణ్ణి పెట్టుకోవడాన్ని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) వారించినట్లు హదీసుల్లో ఉంది.

మూసా ప్రవక్త (అలై) కుదుర్చుకున్న పని

ఉద్యోగ ఒప్పందం గురించి దివ్య ఖుర్ఆన్‌లో ఒక పూర్తి వృత్తాంతం ఉంది. సూరా అల్ ఖసస్ 23 నుంచి 28 వరకు ఆయతులు తీరికగా చదవండి. మూసా (అలై) ఈజిప్టు నుంచి తప్పించుకుని మద్‌యన్ చేరారు. బావి దగ్గర ఇద్దరు స్త్రీలు తమ పశువులను ఆపుకుని నిలబడి ఉంటే జాలిపడి నీళ్ళు తోడిపెట్టారు. కూలి అడగలేదు, నీడలోకి వెళ్ళి కూర్చుని తన ప్రభువును వేడుకున్నారు. కొద్దిసేపటికి వారిలో ఒకామె సిగ్గుపడుతూ వచ్చి, మీరు నీళ్ళు పెట్టినందుకు ప్రతిఫలం ఇవ్వడానికి మా నాన్న మిమ్మల్ని పిలుస్తున్నారని చెప్పింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మూసా (అలై) ఎలాంటి ఒప్పందం లేకుండా, తనంతట తాను పుణ్యానికి పని చేశారు. ఆ వృద్ధుడు మాత్రం చేసినవాడు అడగలేదు కదా అని ఊరుకోలేదు. అడగని పనికే ఆయన ప్రతిఫలం పంపబోయారు. మనం ఫోన్ చేసి పిలిపించుకున్న పనికి ఇవ్వకపోవడాన్ని ఏమనాలి?

తర్వాత ఉద్యోగం మాట వచ్చింది. తన కుమార్తెల్లో ఒకరిని వివాహం చేస్తానని, అందుకు ఎనిమిదేళ్ళు పనిచేయాలని ఆయన షరతు పెట్టారు. పదేళ్ళు పూర్తిచేస్తే అది నీ ఇష్టమని, నిన్ను కష్టపెట్టాలని తనకు లేదని కూడా అన్నారు. మూసా (అలై) ఇచ్చిన జవాబు ఇంకా గమనించదగినది. ఈ రెండు గడువుల్లో తాను ఏది పూర్తిచేసినా తనపై అతిక్రమణ ఉండకూడదని ముందే చెప్పి, ఈ మాటకు అల్లాహ్ సాక్షి అన్నారు.

ఎనిమిది వేరు, రెండు వేరు. ఈ రెంటి మధ్య గీత పని మొదలుకాకముందే గీశారు, అదీ పని ఇచ్చేవాడే గీశాడు. ఎనిమిది బాధ్యత. ఆపై రెండు పనివాడి వైపు నుంచి, 'మిన్ ఇందిక్'. చేయకపోతే నింద లేదు. నేటి ఫ్యాక్టరీల్లో జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు. ఆదివారం రానని చెప్పినవాడికి మంచి షిఫ్టు దొరకదు, కాంట్రాక్టు రెన్యువల్ అప్పుడు అతని పేరు వెనక్కి పోతుంది. భయంతో అన్న 'సరే'ను మనస్ఫూర్తి అంగీకారంగా లెక్కపెట్టలేం. మనసారా ఇస్తేనే ఒకరి సొమ్ము మరొకరికి ధర్మసమ్మతమవుతుందన్న హదీసు ఇలాంటి చోటే గుర్తుకు రావాలి.

మూసా (అలై) ఆ రెండేళ్ళు కూడా పూర్తిచేశారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పినట్లు బుఖారీలో ఉంది. దీన్ని చూపి, చూశారా, ప్రవక్తలు ఎక్కువే చేశారు అని పనివాళ్ళకు ఉపదేశించే యజమానులున్నారు. ఇహ్‌సాన్ చేయమని ఎదుటివాడిని ఒత్తిడి చేస్తే అది ఇహ్‌సాన్ కాదు. ఆ ఉపదేశం చేసే హక్కు జీతం ఇచ్చేవాడికి అందరికంటే తక్కువ.

రెట్టింపు మాట

షరీఅత్‌లో రెట్టింపు ఎక్కడుందన్న ప్రశ్నకు సూటి సమాధానం, ఆ సంఖ్య ఖుర్ఆన్‌లో గాని హదీసులో గాని లేదు. లేనిదాన్ని ఉందని చెప్పడం విద్వాంసులకు తగదు. అలాగే నెల జీతం అంకె కూడా ఖుర్ఆన్‌లో లేదు. రెండూ ఒప్పందం నుంచి, లోకాచారం నుంచి వచ్చేవే.

మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం దశాబ్దాలపాటు దీనికి ఆధారంగా ఉండేది. ఆదివారం పని చేయించాలంటే దానికి ముందు మూడు రోజుల్లోనో, తర్వాత మూడు రోజుల్లోనో ఒక సెలవు ఇవ్వాలి. పూర్తి సెలవు లేకుండా వరుసగా పది రోజులు దాటరాదు. రోజుకు 9 గంటలు గాని వారానికి 48 గంటలు గాని మించితే మించిన గంటలకు రెట్టింపు ఇవ్వాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ చట్టం స్థానంలోకి వచ్చింది. అందులో కూడా వారానికి ఆరు రోజులకు మించి పని చేయించరాదని, పోయిన సెలవుకు బదులు సెలవు ఇవ్వాలని, ఓవర్‌టైమ్‌కు రెట్టింపు వేతనమని, అదీ కార్మికుడి సమ్మతితోనేనని ఉంది. ఈ నిబంధనలు తెలిసే యజమాని ఫ్యాక్టరీ తెరిచాడు. కాబట్టి అవి అతని ఒప్పందంలో షరతులు. ముస్లిములు తమ షరతులకు కట్టుబడి ఉంటారన్న ప్రవక్త (స) మాట తిర్మిజీలో, అబూదావూద్‌లో ఉంది.

ఇది వడ్డీలాగా లేదా అని ఒక సోదరుడు అడిగాడు. లేదు. వడ్డీలో అదనపు సొమ్ముకు ఎదురుగా ఏమీ ఉండదు. ఇక్కడ ఒక మనిషి పిల్లలతో గడపవలసిన రోజు ఉంది.

అయితే ఒక తేడాను నిజాయితీగా చెప్పాలి. ఆదివారం పనిచేయించి బుధవారం సెలవిచ్చి, వారం మొత్తంలో 48 గంటలు దాటకపోతే ఆ పాత చట్టం ప్రకారం రెట్టింపు వచ్చేది కాదు. దినానికి దినం మార్పిడి జరిగింది. ఇందులో అన్యాయం లేదు, కాకపోతే ముందే చెప్పాలి. సగం గొడవలు ఇది తెలియకే వస్తాయి. కాని ఆ బుధవారం కాగితం మీదే ఉండిపోతే, ఆ చీటీ యజమాని మెడ మీద అప్పు. ఇవ్వగలిగి కూడా వాయిదా వేయడం దౌర్జన్యమని బుఖారీ, ముస్లిం హదీసు. పనివాడి చేత పూర్తిగా పని చేయించుకుని కూలి ఇవ్వనివానికి ప్రళయదినాన తానే ప్రత్యర్థిగా నిలుస్తానని అల్లాహ్ చెప్పినట్లు బుఖారీలో ఉంది. అలాంటి పన్నెండు చీటీలు డ్రాయరులో పెట్టుకుని రమజానులో ఉమ్రాకు టిక్కెట్టు కొనే సోదరులు ఈ మాట మీద ఆలోచించాలి.

జుమా గంట గురించి కూడా ఒక పేచీ ఉంది. శుక్రవారం నమాజుకు గంటసేపు వదులుతున్నాం కాబట్టి ఆదివారం ఊరికే రావాలంటారు. జుమాకు వెళ్ళకుండా ఆపే హక్కు యజమానికి లేదు. మసీదు దూరమై చాలా సమయం పడితే ఆ మేరకు కూలి తగ్గించుకోవచ్చని హనఫీ గ్రంథాల్లో ఉంది. సరే, తగ్గించుకోండి. నెలకు నాలుగు శుక్రవారాలంటే నాలుగు గంటలు. నాలుగు ఆదివారాలంటే ముప్ఫై రెండు గంటలు. ఈ లెక్కను తూకంలో పెట్టి చూస్తే సూరా అల్ ముతఫ్ఫిఫీన్ ఎవరి గురించి అవతరించిందో తెలుస్తుంది.

అదే సూరా పనివాడి ముందు కూడా అద్దం పెడుతుంది. సింగరేణి గనుల్లో వారపు సెలవును 'ప్లే డే' అంటారు. ఆ రోజు డ్యూటీకి మామూలు రోజుకంటే ఎక్కువ వేతనం. అందుచేత అక్కడ తగాదా మరో రకం. ప్లే డేలు తగ్గించవద్దని కార్మికులే అడుగుతారు. మన వైపు ఆదివారం రమ్మంటే గొడవ, అక్కడ రావద్దంటే గొడవ! సూత్రం రెండు చోట్లా ఒక్కటే. సెలవు దినం పనివాడిది, అమ్ముకునే ఇష్టం అతనిది. కొని తీరాలని యజమానిని నిర్బంధించే హక్కు, ఒప్పందంలో లేకపోతే, అతనికి లేదు. ఇక ఏ ఫ్యాక్టరీలోనైనా ఆదివారం ఓటీ వస్తుందని బుధ, గురువారాల్లో పని నెమ్మదిగా చేయడం, స్నేహితుడి కార్డు తాను పంచ్ చేయడం అచ్చమైన తూకం మోసం. కాలాన్ని అమ్మినవాణ్ణి ఫిఖ్‌హ్‌లో 'అజీరె ఖాస్' అంటారు. ఆ వేళల్లో అతని చేతులు యజమానివి.

ఇష్టపడి అమ్ముకున్నా అందుకూ ఒక హద్దుంది. సౌదీ కార్మిక చట్టం 104వ నిబంధన వారపు విశ్రాంతికి బదులు డబ్బు ఇవ్వడాన్ని అనుమతించదు. మన పిల్లలు అక్కడికి వెళ్ళి శుక్రవారం కూడా పనిచేసి డబ్బు పంపాలనుకుంటారు, కాబట్టి ఇది వారికి నచ్చదు. కాని రాత్రంతా నమాజులో, పగలంతా రోజాలో గడపాలనుకున్న సహాబీ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)కి ప్రవక్త (స) నీ దేహానికి, నీ కంటికి, నీ భార్యకు నీ మీద హక్కుందని చెప్పారు. ఇబాదత్‌కే వర్తించిన హద్దు ఓటీకి వర్తించదా? అచ్యుతాపురం సెజ్‌లో 2024 ఆగస్టు 21న ఎసెన్షియా కంపెనీలో జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. ఆ ప్రమాదానికి కారణం ద్రావకం లీకవడం, ఓటీ కాదు. కాని అలాంటి రసాయనాల మధ్య పదమూడు రోజులుగా సెలవు లేని మనిషిని వాల్వు దగ్గర నిలబెట్టడం అతని ప్రాణం ఒక్కదానితో పోయే విషయం కాదు.

మరో మసలా కూడా అడుగుతున్నారు కనుక చెబుతాను. కొందరు ఏడాదంతా ఆదివారాల లెక్క తేల్చకుండా, రమజానులో ఆ పనివాళ్ళకే జకాత్ సొమ్ము ఇచ్చి సరిపెట్టుకుంటారు. పనికి ప్రతిఫలంగా ఇచ్చింది జకాత్ కాదు. అలా చేస్తే జకాత్ మళ్ళీ ఇవ్వాలి. పనివాడు పేదవాడైతే అతని కూలి అతనికిచ్చి, ఆపైన జకాత్ ఇవ్వవచ్చు. ఆదివారం మధ్యాహ్నం పెట్టే బిర్యానీ సంగతీ అంతే. అది ఆతిథ్యం, పుణ్యం దొరుకుతుంది, ఓటీ మాత్రం అలాగే ఉంటుంది.

సబ్ర్ చేయాలా అని అడిగిన యువకులకు నేను చెప్పేదేమంటే, హక్కు అడగడం సబ్ర్‌కు విరుద్ధం కాదు. తేదీలు, గంటలు ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. అప్పు వ్యవహారం రాసుకోమని సూరా అల్ బఖరా 282వ ఆయతు ఎంత వివరంగా చెప్పిందో చూడండి. మర్యాదగా, నలుగురితో కలిసి అడగండి. క్షమించి వదిలేయాలనుకుంటే అదీ మీ ఇష్టమే, కాని భయంతో వదలడాన్ని క్షమ అని పిలుచుకోకండి.

ఇదంతా ఫ్యాక్టరీల సంగతి. మన మసీదుల్లో ముఅజ్జిన్‌కు వారానికి ఒక రోజు సెలవుందా? రోజుకు ఐదు పూటలు, ఏడాదికి 365 రోజులు. ఊరికి వెళ్ళాలంటే తనకు బదులు మనిషిని తానే వెతికి, తన జేబులోంచి డబ్బిచ్చి పెట్టుకోవాలి. పెళ్ళి నికాహ్ రాత్రి పదకొండింటికి ఉన్నా ఇమాము గారు ఉండాల్సిందే, దానికి లెక్క లేదు. ఇమామత్‌కు, అజాన్‌కు వేతనం తీసుకోవడాన్ని తర్వాతి కాలపు హనఫీ ఉలమాలు అవసరం కొద్దీ అనుమతించారు. అనుమతించిన తర్వాత అదీ ఇజారానే, దానికీ పై షరతులన్నీ ఉంటాయి. పక్కపక్క ఊళ్ళ మసీదు కమిటీలు రెండు కలిసి కూర్చుంటే ఇది పెద్ద పని కాదు. అజాన్ ఇవ్వగల యువకులు ప్రతి మొహల్లాలో ఉన్నారు. వారిలో ఒకరికి వారంలో ఒక రోజు అప్పగించి, కమిటీ ఖర్చుతోనే కొంత ఇచ్చి, ముఅజ్జిన్‌కు ఆ రోజు జీతం కోయకుండా రిజిస్టరులో రాసుకోవాలి. వచ్చే శాబాన్‌లో జీతాల మాట వచ్చినప్పుడు ఎజెండాలో దీన్ని ఒక అంశంగా పెట్టవచ్చు.